పిండికట్టు లేని జబ్బు

2022. అల్లూరులో రొయ్యల మేత అమ్మే షాపు పైన ఉన్న చిన్న ఫిజియోథెరపీ క్లినిక్‌లో నా తొలి ఉద్యోగం. పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. నాతో చదివిన స్నేహితురాలు అక్కడే పెద్ద ఆస్పత్రిలో చేరి, క్రికెట్ ఆడే కుర్రాళ్ల మోకాళ్లు బాగుచేస్తూ రోజుకో వీడియో పెట్టేది. ఒక పేషెంటు వెళ్లి ఇంకో పేషెంటు వచ్చేలోపు ఫోన్ తీసి అవి చూస్తూ కుళ్లుకునేదాన్ని. నా దగ్గరికొచ్చే జబ్బుల్లో వీడియోకి పనికొచ్చేది ఒక్కటీ ఉండేది కాదు.

షమీమ్‌ది అలాంటి జబ్బే. ఆమె ఇంట్లో జాకెట్లు కుట్టే టైలర్. ముందటేడు కోవిడ్ వచ్చి, ఆక్సిజన్ పెడితే బతికి బయటపడింది. నెలలు గడిచినా ఆయాసం, నీరసం, విన్న కొలత వెంటనే మర్చిపోవడం. వైరస్ పోయాక కూడా ఒంట్లో మిగిలిపోయే ఈ బాధనే లాంగ్ కోవిడ్ అంటారు. ఎక్స్‌రే, రక్తపరీక్షలు నార్మల్. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్ కూడా ఏ తేడా లేదనే చెప్పేది.

ఆమె తోడికోడలు రహమత్‌కీ అప్పుడే కోవిడ్ వచ్చింది. నాలుగు రోజుల జ్వరంతో లేచి తిరిగింది. తనకీ కుట్టుపని వచ్చు కాబట్టి షమీమ్ గిరాకీ మెల్లగా రహమత్ చేతికి పోయింది. ఇంట్లో కుట్టుమిషను ఒక్కటే. ఈ రంజాన్ సీజన్‌కి షమీమ్ కూర్చుని కుట్టలేకపోతే అది రహమత్ గదిలోకి మారుతుందని అత్త తేల్చిచెప్పేసింది.

ఒకరోజు పక్క బెడ్ మీద బైక్ మీంచి పడ్డ కుర్రాడున్నాడు. కాలికి పిండికట్టు. చుట్టూ బంధువులు, ద్రాక్షపళ్లు, ఒకరు దిండు సర్దుతున్నారు. షమీమ్ వ్యాయామం ఆపేసి అటే చూస్తోంది. ఇటు చూడమని కసిరాను.

"నాకూ కాలిరిగుంటే బాగుండు మేడమ్," అంది మెల్లగా. "కట్టు కనిపిస్తే నటిస్తుండానని ఎవురూ అనరు గదా."

ఆ మాట అనేది రహమతేనని తెలిసి, మళ్లీ వచ్చేటప్పుడు ఆమెని వెంటబెట్టుకు రమ్మన్నాను.

రహమత్ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఆదివారం మా యక్క నవ్వతా నవ్వతా మూడు జాకెట్లు కుట్టినాది మేడమ్. సోమవారం మంచం దిగలా. నాకు గిరాకీ వచ్చినప్పుడు మటుకు ఆయాసమొస్తాది. కుళ్లు, ఇంకేం ల్యా."

"అవును, కుళ్లే," అంది షమీమ్. "నువ్వు మిద్దెక్కి బట్టలారేసి, దిగతా దిగతా ఫోన్లో మాట్లాడతావే, ఆ ఊపిరి చూసి కుళ్లు. నీ గిరాకీ చూసి కాదు."

నాకు కోపం ఆగలేదు. గొంతు పెరిగింది, పక్క బెడ్ల వాళ్లు తలతిప్పారు. ఆదివారం కుట్టినందుకే సోమవారం పడిపోయిందని చెప్పాను. దీన్ని పోస్ట్ ఎక్సర్షనల్ మలైజ్ అంటారు. ఈరోజు పడ్డ శ్రమకి మర్నాడు ఒళ్లు కూలబడుతుంది. కాళ్లతో తొక్కుతూ, కళ్లతో గీత చూస్తూ, మనసులో కొలత పెట్టుకోవాల్సిన పని ఆమెది. బలవంతంగా చేయిస్తే జబ్బు ముదురుతుంది. అలసట రాకముందే ఆగడం, అంటే పేసింగ్, అదే ప్రస్తుతానికి వైద్యం. క్లినిక్‌లో బాగా కనిపిస్తోందంటే, ఈ మెట్లు ఎక్కడానికి ముందురోజంతా పడుకుని వస్తోందని.

అప్పుడు రహమత్ స్టూలు లాక్కుని కూర్చుంది. "అందుకా, ఇక్కడికొచ్చే ముందురోజు వంట నా మీద ఏసేది," అంది.

మిషను రహమత్ గదిలోకి వెళ్లలేదు. అత్తతో ఆమే మాట్లాడి దాన్ని వసారాలో పెట్టించింది. ఆ రంజాన్‌కి కత్తిరించడం, మిషను తొక్కడం రహమత్ చేసింది. షమీమ్ పక్కనే మంచం మీద ఆనుకుని హుక్కులు కుట్టింది, మధ్యమధ్యలో పడుకుంది. ఎందుకు పడుకున్నావని ఎవరూ అడగలేదట. నేను అల్లూరు వదిలేనాటికి ఆమెకి పూర్తిగా తగ్గలేదు. రహమత్ మిద్దె దిగొస్తుంటే ఇంకా మంటగానే ఉంటుందని నవ్వుతూ చెప్పింది.

నార్మల్ రిపోర్టులు పట్టుకుని వచ్చేవాళ్లని ఇప్పుడు నేను నొప్పెక్కడ అని అడిగి ఊరుకోను. ఎవరిని చూస్తే కుళ్లుగా ఉందని కూడా అడుగుతాను. ముందు నవ్వుతారు, తర్వాత నిజం చెబుతారు. నిన్న ఒకాయన, మెట్ల మీద పరుగెత్తే మనవరాలి పేరు చెప్పి తల దించుకున్నాడు. ఆయన వైద్యం ఆ మెట్ల దగ్గర్నుంచే మొదలుపెట్టాను.