మంచులో పరిచిన కోటు

కాపెల్‌లో ఉన్న నా స్నేహితులకి నా మాటల విషయంలో ఒక లెక్క ఉంది. నేను చెప్పినదాన్ని ముందు సగం చేసి, ఆ సగంలో ఇంకో సగం తీసేసి, మిగిలింది కూడా మా ఆవిడని అడిగి నమ్మాలట. ఉద్యోగం టెక్సస్‌లోని ఆ కాపెల్ నుంచి మిన్నెసోటా ఉత్తరపు కొసకి మారిన మొదటి చలికాలం, పెరట్లో ఆరేసిన మావయ్య గారి పంచె గడ్డకట్టి నిటారుగా నిలబడిపోతే, ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకుని మా ఆవిడ లోపలికి పిలిచి కాఫీ ఇచ్చిందని వాళ్ళకి ఫోన్‌లో చెప్పాను. పంచె నిలబడిన మాట నిజం. కాఫీ దగ్గర్నుంచి నాది.

ఈ కుక్క సంగతి చెప్పినప్పుడు కూడా వాళ్ళు అదే లెక్క వేశారు. వేసుకోనీ. ఇందులో నేను కలపాల్సిన అవసరం ఎక్కడా రాలేదు. వచ్చి ఉంటే మొహమాటపడే రకాన్ని కాదు.

మా ఊళ్ళో పళ్ళడాక్టరు ఒక్కరే. అరవై దాటిన ఆవిడ, సన్నగా, పొడుగ్గా, కొబ్బరాకు ఈనెలా ఉంటుంది. నా దవడపన్ను తీస్తూ తన వేటకుక్కల గురించి మొత్తం చెప్పింది. నోట్లో రెండు ఇనప పనిముట్లూ, ఇంత దూదీ, ఉమ్మి పీల్చే గొట్టమూ ఉండగా, ఎదుటి మనిషి చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా వినడం నాకదే మొదలు. పన్ను ఊడేసరికి ఆవిడ వేటకి నన్ను పిలవడమూ, నేను తలూపడమూ అయిపోయాయి.

ఆవిడకి నాలుగు బీగిల్ కుక్కలు. మోకాలి ఎత్తు, వేలాడే చెవులు, తెలుపూ నలుపూ గోధుమరంగూ కలిసిన ఒళ్ళు. వాటితో ఆవిడ వేటాడేది మంచుకుందేళ్ళని. చలికాలం వచ్చేసరికి ఆ కుందేళ్ళ బొచ్చు తెల్లబడిపోతుంది, చెవి కొసల దగ్గర మాత్రం కాస్త కాటుక మిగులుతుంది. వాటి వెనక పాదాలు చేటల్లా ఉంటాయి, మంచులో దిగబడవు. కుక్క దాన్ని పరిగెత్తి పట్టుకోవడం జరిగే పని కాదు. కుక్క చేసేదల్లా వాసన పట్టి, మొరుగుతూ, వదలకుండా వెంటపడటమే. కుందేలు తన చోటుని విడిచి దూరం పోదు. పొదల్లోంచి పెద్ద చుట్టు తిరిగి, లేచిన చోటికే మళ్ళీ వస్తుంది. తుపాకీ పట్టుకున్న మనిషి అక్కడ నిలబడి, కుక్కల గొంతులు దూరమవడమూ దగ్గరవడమూ వింటూ ఉండాలి. ఆ వినడమే ఆవిడకి వేటంతా. తుపాకీ భుజాన ఉందన్న మాటే గాని, చాలాసార్లు అది వెళ్ళినంత శుభ్రంగా ఇంటికి వస్తుందట.

మంచు చూడాలని కోరి మరీ చలికాలంలో వచ్చిన మా మావయ్య గారు ఈ మాట విని, తనూ వస్తానన్నారు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా రైలు చివరి పెట్టెలో ఎండకీ వానకీ నిలబడి చేసిన మనిషిని చలి పేరు చెప్పి ఆపలేకపోయాం. మా ఆవిడ ఆయనకి మూడు స్వెట్టర్లు, వాటి మీద నా పాత జాకెట్, కోతిటోపీ, ఆ టోపీ మీద ఇంకో టోపీ తొడిగింది. వేటలో ఎవరూ పొరపాటున పేల్చకుండా డాక్టరు ఇచ్చిన నారింజరంగు చొక్కా ఆ పైన వేస్తే, ఆయన అద్దంలో చూసుకుని, “కాషాయం ఇచ్చారు. కమండలం కూడా ఇస్తే ఇటునించి ఇటే పోతా” అన్నారు.

ఆ రోజు సున్నాకి ఇరవై డిగ్రీలు కిందకి ఉంది. ఆ చలి ముందు ముక్కులో తెలుస్తుంది. గాలి పీల్చగానే ముక్కులో వెంట్రుకలు గరికపోచల్లా బిరుసెక్కుతాయి. రెప్ప వేస్తే పై వెంట్రుకలూ కింది వెంట్రుకలూ అతుక్కుంటాయి, విడదీసుకోవాలి. అడవిలో చెట్లు ఉన్నట్టుండి ఫట్‌మని పగులుతాయి, తుపాకీ పేలినట్టు. ఆ చలికి మంచు పిండిలా పొడిబారి ఉంటుంది. పొడి మంచు మీద వాసన నిలవదట. మంచి కుక్కలే తడబడతాయట.

తడబడనిది ఒక్కటే. నాలుగింటిలో ముసల్ది. దానికి చెవులు రెండూ పూర్తిగా పోయాయి. ట్రక్కులోంచి దిగేటప్పుడు కూడా, మిగతా మూడూ దూకితే, అది మాత్రం డాక్టరు ఎత్తి దించేదాకా మహారాణిలా కూర్చుంది. నేల మీదికి దిగాక ఎవరినీ పట్టించుకోలేదు. ముక్కు మంచులో దూర్చి, ఒక్కో పొద దగ్గర ఆగి ఆలోచిస్తూ పోయింది. మూడు పడుచు కుక్కలూ హడావుడిగా అటూ ఇటూ తిరిగి, చివరికి దాని వెనకాలే చేరాయి. కాసేపటికి అది తల ఎత్తి ఒక్క కూత పెట్టింది.

కుక్క మొరుగుడు అంటే మనకి తెలిసింది వీధికుక్క మొరుగుడు. ఇది వేరు. సన్నాయిలో గాలి నిండినట్టు, గొంతు సాగదీసి, కిందినించి పైకి పోయే కూత. వెంటనే మిగతా మూడూ అందుకున్నాయి. ఆ చలిగాలిలో చప్పుడు ఎంత దూరమైనా విరగకుండా వస్తుంది. మైలు అవతల పోతున్నా పక్కనే ఉన్నట్టు వినపడేది. డాక్టరు కళ్ళు మూసుకుని నిలబడి, ఇప్పుడు ముందున్నది ఏదో, వెనకబడ్డది ఏదో, కుందేలు ఎక్కడ మలుపు తిరిగిందో గొంతుల్ని బట్టి మాకు గుసగుసగా చెబుతూ ఉంది. మావయ్య గారు కూడా కళ్ళు మూసుకున్నారు. “స్టేషన్ బయట సిగ్నల్ కోసం ఆగిన బండి కూత కూడా ఇట్టాగే ఉంటది అల్లుడు గారూ, ఏ డ్రైవరో చెప్పేవాణ్ణి” అన్నారు మెల్లిగా. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు.

కుందేలు వచ్చింది. తెల్లటి మంచులోంచి రెండు నల్లటి చుక్కలు ఊగుతూ వచ్చి, మావయ్య గారి బూటు పక్కనుంచి, ఏదో పరిచయం ఉన్నట్టు ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. ఆయన అడ్డంగా ఉన్నారని డాక్టరు తుపాకీ ఎత్తనే లేదు. వేట కుదరనందుకు ఆవిడ మొహంలో చింత లేదు. కుక్కలు ఇంకో చుట్టు తిరుగుతాయంది.

తిరగలేదు. మధ్యాహ్నం దాటాక చలి ఇంకా బిగిసింది. పడుచు కుక్కలు మూడూ కుంటుతూ వచ్చేశాయి. వేళ్ళ సందుల్లో మంచు ఉండలు కట్టింది. డాక్టరు మంచులోనే కూర్చుని, ఒక్కో కాలూ నోటి దగ్గర పెట్టుకుని ఊపిరి ఊది ఊది కరిగించింది. ముసల్దాని గొంతు మాత్రం ఒంటరిగా ఇంకా దూరం పోతూనే ఉంది. అది వదిలే రకం కాదు. తర్వాత అది కూడా వినపడలేదు.

దాని మెడపట్టీకి జీపీఎస్ ఉంది. డాక్టరు చేతిలోని చిన్న తెర మీద ఒక చుక్క కనిపించేది. ఆ చుక్క ఒక చోట ఆగి, మసకబారి, మాయమైంది. సాఫ్ట్‌వేర్ మనిషిని కాబట్టి ఆవిడ నన్ను చూసింది. బ్యాటరీ చలికి చచ్చిపోయిందని చెప్పడం తప్ప నేను చేయగలిగింది లేదు. చీకటి పడే దాకా వెతికాం. చెవులు లేని కుక్కని ఏ కేకతో పిలుస్తాం? రాత్రికి ఇంకో పది డిగ్రీలు దిగుతుంది. ఆ వయసు కుక్క, మంచులో, ఆసరా లేకుండా తెల్లారేదాకా ఉండదని ఆవిడ ఏ డొంకతిరుగుడూ లేకుండా చెప్పేసింది.

అప్పుడు ఆవిడ తన కోటు విప్పింది. బారుగా మోకాళ్ళ కిందికి ఉండే పాత ఉన్నికోటు. పొద్దున కుక్కల్ని వదిలిన చోట, ఒక చెట్టు మొదట్లో, దాన్ని మంచు మీద పరిచింది. వేటకుక్కలవాళ్ళ ఆనవాయితీ ఇదట. తప్పిపోయిన కుక్క ఎప్పటికైనా వదిలిన చోటికి వస్తుంది. అక్కడ యజమాని వాసన ఉంటే, ఇక్కడే ఉంది, వస్తుంది అనుకుని దాని మీద ముడుచుకుని పడుకుంటుంది. లేకపోతే వెతుక్కుంటూ మళ్ళీ అడవిలోకి పోతుంది. మనుషులూ మిగతా కుక్కలూ అలికిడి చేయకుండా వెళ్ళిపోవాలి. తెల్లవారకముందే ఆవిడ వచ్చి చూసుకుంటుంది. “చెవులు పోయాయి గాని ముక్కు ఉందిగా” అని నాతో అని, స్వెట్టర్ మీదే ట్రక్కు ఎక్కి, మూడు కుక్కలతో ముందు వెళ్ళిపోయింది.

ఇదంతా జరుగుతున్నప్పుడు మావయ్య గారు దూరంగా చెట్టు చాటుకి వెళ్ళి ఉన్నారు. అన్ని స్వెట్టర్లు విప్పి మళ్ళీ తొడుక్కోవడం చిన్న పని కాదు. నేను కాస్త అవతల ఆపిన మా కారు దగ్గరికి పోయి ఇంజన్ వేడెక్కిస్తూ కూర్చున్నాను. ఆయన వచ్చి డిక్కీ తీసి వేసి, పక్కన కూర్చున్నారు. నా మనసంతా ఆ ముసల్దాని మీదే ఉంది.

దారిలో ఉన్న ఒకే ఒక్క గ్యాస్ స్టేషన్ దగ్గర కాఫీకి ఆగాం. రెండు గుక్కలు తాగాక ఆయన అన్నారు:

“డాక్టరమ్మ కుక్క గొడవలో పడి కోటు కింద పడేసుకుని పోయింది అల్లుడు గారూ. చూశారా మీరు?”

నేను కప్పు కింద పెట్టాను.

“నేను చూశా గాబట్టి సరిపోయింది. దులిపి మడత పెట్టి డిక్కీలో ఉంచా. ఇంటికి పోతూ ఇచ్చేద్దాం.”

ఆయన తప్పేమీ లేదు. బండి ఖాళీ అయ్యాక పెట్టె పెట్టె తిరిగి, మర్చిపోయిన గొడుగూ చెప్పూ పసిపిల్లవాడి టోపీ కూడా ఏరి స్టేషన్‌లో అప్పగించిన మనిషి. నేల మీద దిక్కులేని కోటు కనపడితే ఆ చేతులు ఊరుకోవు. కోటు ఎందుకు అక్కడ ఉందో నేను చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన నా మొహం కాక నా చొక్కా గుండీ చూస్తూ విన్నారు. అయ్యాక ఒక్క మాటే అన్నారు.

“బండి తిప్పండి.”

అడవిలో సిగ్నల్ ఉండదు కాబట్టి అక్కణ్ణించే డాక్టరుకి ఫోన్ చేశాను. కుక్కల్ని ఇంట్లో దించి బయల్దేరుతున్నానంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

తిరుగు దారంతా మావయ్య గారు డిక్కీలోంచి తీసుకున్న కోటుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అది వచ్చి చూసి పోయిందేమో, ఇంకా రాలేదేమో, పోతే ఎటు పోయి ఉంటుందో అని అడుగుతూనే ఉన్నారు. నోట్లో ఏ పనిముట్టూ లేకపోయినా నేను తలూపడమే చేశాను.

కారు పొద్దున ఆపిన చోటికి మలుపు తిరిగింది. హెడ్‌లైట్లు పడ్డ చోట, మా కారు రోజంతా నిలబడ్డ నాలుగు పలకల జాగాలో, మంచు పల్చగా ఉంది. దాని మధ్యలో ఏదో ఉండ. తల తోక కింద దూర్చుకుని, ఒళ్ళంతా మంచు నూగు పట్టి, అచ్చం ఒక రాయిలా. వెలుగు పడ్డా కదల్లేదు.

నేను కారు పూర్తిగా ఆపకముందే ఆయన దిగారు. మోకాళ్ళ మీద కూలబడి, కోటు దాని మీద కప్పి, చేతులు రెండూ కోటు మీద వేసి అలాగే ఉండిపోయారు. ఏమీ జరగలేదు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుణ్ణో నాకు వినపడలేదు.

ముందు ముక్కు కదిలింది. కోటు అంచుని పట్టుకుని, ఒకసారి, రెండుసార్లు పీల్చింది. తర్వాత ఒక కన్ను తెరుచుకుంది.

టార్చ్ వేసి చూస్తే కథంతా మంచులో రాసి ఉంది. ముసల్ది కోటు పరిచిన చోటికి సరిగ్గానే వచ్చింది. అక్కడ గుండ్రంగా తిరిగిన గుర్తులు ఉన్నాయి. తర్వాత, మావయ్య గారి బూటు అచ్చుల వెంట వచ్చింది. ఆయన చంకలో పెట్టుకున్న కోటు చెయ్యి ఒకటి వేలాడి మంచుని రాసుకుంటూ వచ్చినట్టుంది, అక్కడక్కడ సన్నటి గీత. వాసనని నిలవనివ్వని ఆ పొడి మంచు మీద, ఆ గీతలోంచి, తనకి తెలియని మనిషి చేతుల్లో పోయిన తనవాళ్ళ వాసనని అది ఏరుకుంటూ వచ్చింది. ఒక్క చోట తప్పు అడుగు లేదు. కారు డిక్కీ మూసుకున్న చోట వాసన ఆగిపోయింది. తనూ అక్కడే ఆగి పడుకుంది. కాపెల్‌లో వాళ్ళు నన్ను ఆపేది ఇక్కడే. ఆపినా ఆ గుర్తులు అలాగే ఉన్నాయి, నేను వాటి పక్కన నడిచాను.

డాక్టరు ట్రక్కు వచ్చి ఆగింది. ఆవిడ స్వెట్టర్ మీద ఏదో శాలువా చుట్టుకుని పరుగున వచ్చింది. ఆవిడ దగ్గరికి చేరేలోపే ముసల్ది వణుకుతూ లేచి, మావయ్య గారి చేతి తొడుగు వాసన చూసింది. తర్వాత బూట్లు. మళ్ళీ తొడుగు. ముందుకాళ్ళు రెండూ ఆయన తొడ మీద ఆనించి, మెడ ఎత్తి, పొద్దున కుందేలు మీద పెట్టిన కూతే, ఆయన మొహంలో మొహం పెట్టి పెట్టింది. అడవంతా మోగింది.

మావయ్య గారు నా వైపు చూశారు. “తిడతందా?”

డాక్టరుకి ఆ మాట తెలుగులో అర్థం కాలేదు గాని ప్రశ్న అర్థమైంది. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, కారినవి కారినట్టే బుగ్గల మీద గడ్డకడుతున్నాయి. ఇది నా కల్పన కాదు. “తిట్టడం కాదు. తను వెతికింది దొరికిందని నాకు చెబుతోంది” అంది.

ఆ మాట నేను ఆయనకి తెలుగులో చెప్పాను.

“దొరికానని చెప్పమనండి” అన్నారాయన. “ఒప్పుకుంటా.”

అని, కుక్కని కోటుతో సహా ఎత్తుకుని, ఎవరికీ ఇవ్వకుండా డాక్టరు ట్రక్కులో ముందు సీట్లో ఎక్కి కూర్చున్నారు. హీటరు ముందు అది ఇంకో రెండు కూతలు పెట్టి, ఆయన జబ్బ మీద తల వాల్చింది. నేను ఖాళీ కారు తోలుకుంటూ వాళ్ళ వెనకాల వెళ్ళాను.