దూది లేస్తుంది, మట్టి లేవదు

మా సార్ పోయారని సోమవారం పొద్దున ఆదోని నుంచి అక్క ఫోన్ చేసింది. అక్క అంటే సార్ భార్య. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంకెప్పుడు నోరు విప్పుతారు ఈయన అని.

గోనెగండ్ల నుంచి వెళ్లి చమురు అన్వేషణ ఆఫీసులో చేరిన నాకు పని నేర్పింది ఆయనే. ఒకప్పుడు నేల పైకి లేచి, వానకూ గాలికీ కొట్టుకుపోయిన పొరల మందం లెక్కగట్టడం మా పని. లేని పొరను కొలిచేదెట్లా అని మొదటిరోజే అడిగాను. సార్ వాళ్లది పత్తి వ్యాపారం చేసే ఇల్లు. సొరుగులోంచి ఇంత దూది తీసి, పిడికిట్లో నొక్కి వదిలారు. పొంగింది. తర్వాత చమురు కోసం తవ్విన బావిలోంచి తీసిన బంకమట్టి రాయి నా చేతిలో పెట్టారు.

"దూది లేస్తాదమ్మా, మట్టి లేయదు. పైన బరువు పోయినా నొక్కుడు ఈడనే ఉంటాది. అదే మనకు సాక్షి."

ఆ రాయి ఎంత నొక్కుకుపోయిందో, ఎన్నడూ పైకి లేవని చోటి రాయితో పోల్చి చూస్తాం. ఆ తేడాను బట్టి పోయిన పొర ఎంతో తెలుస్తుంది. పోలిక తప్పితే అంతా తప్పే. ఇంత పెద్ద సంగతి అంత సులువుగా చెప్పినవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

ఒకసారి పోలిక కోసం సార్ ఒక పాత బావిని చూపించారు.

"ఈడ కూడా నేల లేచినట్టుంది సార్, వద్దు" అన్నాను.

"నేను సెప్తాండా గదా, పెట్టు."

పెట్టాను. సంతకమూ చేశాను. రెండు రాళ్లకూ తేడా తక్కువ కనబడి, కొట్టుకుపోయింది కొంచెమేనని లెక్క తేలింది. నేల పెద్దగా లేవలేదు, కింద నూనె కదలకుండా ఉంటుందని ఆ కొత్త చోట తవ్వారు. ఏమీ లేదు. నేల లేచినప్పుడే పగుళ్లలోంచి ఎప్పుడో జారిపోయింది.

మీటింగులో పైవాళ్లు అడిగితే, సార్ కళ్లద్దాలు తుడుచుకుంటూ "ఆ బావిని ఎంచుకుంది ఆ అమ్మాయే" అన్నారు. నన్ను రాళ్ల గోదాముకు మార్చారు. లెక్కలు మళ్లీ నా చేతికి రాలేదు. ఆయన మాత్రం పండక్కి పండక్కి ఫోన్ చేసి "అన్నం తింటివామ్మా?" అనేవారు. ఆ ఒక్క సంగతి తప్ప అన్నీ మాట్లాడేవారు. నేర్పిన మనిషి కదా, ఫోన్ పెట్టేయడానికి చేతులు వచ్చేవి కావు.

నేను ఆదోని చేరేసరికి సార్‌ను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. అక్క నన్ను లోపలి గదిలోకి తీసుకుపోయింది.

"ఆ బావి వద్దని నువ్వు అంటివంట గదమ్మా. ఆ మీటింగు అయిన పొద్దే ఇంటికొచ్చి నాకు సెప్పినాడు మీ సార్."

"మరి ఆడ ఎందుకు సెప్పలేదక్కా?"

"రిటైర్‌మెంట్ దగ్గరుండె."

ఇన్నేళ్లూ ఆయన మరిచిపోయి ఉంటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరవలేదు. ఇంట్లో చెప్పుకొని తేలికపడ్డారు, అంతే.

పక్కన మంచం మీద దూది పరుపు ఉంది. నెలల తరబడి ఆయన పడుకున్న పరుపు. మనిషిని ఎత్తి చాలాసేపైంది. నడుమ గుంట అట్లాగే ఉంది. లేస్తుందేమోనని చూస్తూ నిలబడ్డాను.