మోతీ కింద పరిచిన సంచి

డెబ్భైల నాటి మాట. మా ముసలి కుక్క మోతీ మూడు రోజులుగా రొట్టె ముట్టడం లేదు. దగ్గరికి పోతే గుర్రుమంటోంది. మా చిన్నదాన్ని కరవబోతే, పిచ్చెక్కిందనుకుని నేనే రెండు దెబ్బలు వేశాను. ఆ మధ్యాహ్నం దాని మెడకు తాడు కట్టి, చంకలో గోనెసంచి పెట్టుకుని బయల్దేరాను. దారి గుర్తుపట్టకుండా పురానాపూల్ దగ్గర సంచిలో వేసుకుని, మూసీ అవతల వదిలేయాలని నా ఆలోచన.

బస్టాపు దాకా వచ్చి మోతీ కూలబడింది. పాలక్యానుతో బస్సు కోసం కూర్చున్న ఒకామె దాని దవడ కింది గడ్డను చూసింది. నేనూ చూశాను గానీ ఏనాడూ పట్టించుకోలేదు.

"మా కుక్కకు గూడ గిట్లనే లేసింది అన్నా. డాక్టరు క్యాన్సరన్నడు. నమిలితే నొప్పి పుడతది, అందుకే మీదికొస్తది. రొట్టె పాలల్ల నానవెట్టి జర జర పెట్టు. గడ్డ దిక్కు చెయ్యి పెట్టకు."

తన రొట్టె తుంచి, క్యాను మూతలో పాలు పోసి నానబెట్టింది. మోతీ మూత అడుగు దాకా నాకింది.

ఆమె నా సంచి తీసుకుని, దులిపి, మోతీ కింద పరిచింది. "దవాఖానకేనా? పండవెట్టనీకి సంచి గూడ తెచ్చినవ్. కుక్కను గింత మంచిగ ఎవలు చూస్కుంటరన్నా."

అవునన్నాను.

ఆమె బస్సెక్కాక, గడ్డ తగలకుండా మోతీని ఎత్తుకుని ఇంటికొచ్చాను. అది ఇంకో రెండు నెలలు బతికింది, ఆ సంచి మీదే పడుకుని. ఆ రోజు సంచి ఎందుకు పట్టుకుపోయావని మా ఆవిడ అడిగితే, మోతీకి పరవడానికేనన్నాను. ఇప్పటికీ అదే చెబుతున్నాను.