పుస్తకంలో లేని మాట

ఏడేళ్లు దాటింది. ఒక మాట నాకు కంఠతా వచ్చు, దాని బరువు నేనొక్కదాన్నే మోస్తున్నాను. దించుకునే చోటు దొరకలేదు. పాస్టరయ్యకు చెప్పుకుందామంటే ఆయన ముందు మా అత్తమ్మనే పిలిపిస్తాడు. మా ఆయనకు చెబుదామంటే ఆయన వాళ్ల అమ్మకు కొడుకు. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఈ పనికి ఇంతకన్నా మంచి చుట్టరికం ఉండదు.

మాది నల్లగొండ వైపు పల్లె. ఇప్పుడు మూసారాంబాగ్‌లో కిరాయికి ఉంటాం. మా ఆయన వ్యాను నడుపుతాడు. అత్తమ్మ మాతోనే ఉంటుంది. నడివయసులో బాప్తిస్మం తీసుకుంది, తీసుకున్నాక ఇంట్లో అందరికన్నా గట్టిగా పట్టుకున్నది ఆమే. చదువు రాదు. అందుకని రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నేను వాక్యం పుస్తకం తెరిచి చదువుతాను, ఆమె కళ్లు మూసుకుని వింటుంది. ఆమెకు దేవుని మాట అంటే నా గొంతే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేనే ఒకరోజు మరిచిపోయాను.

చదవడం అయిపోయాక ఆమె వంతు వచ్చేది. కథలు. మా పెద్దమ్మాయి కీర్తనకు అప్పుడు ఏడేళ్లు. నానమ్మ ఒళ్లో తల పెట్టుకుని పడుకునేది, నేను బియ్యం ఏరుకుంటూ దొంగతనంగా వినేదాన్ని. అన్నిట్లోకీ ఒక కథ మా అందరికీ ఇష్టం. ఏడుగురు అక్కచెల్లెళ్లు రాకాసి ఇంట్లో చిక్కుకుంటారు. చిన్నది పాడుతున్నంతసేపూ రాకాసి కళ్లు తెరవలేడు. ఆ పాట నీడన ఒక్కొక్కతే మెల్లగా గడప దాటుతుంది. అందరూ వెళ్లిపోయాక చిన్నది మిగులుతుంది. పాడుతూ ఉంటే వెళ్లలేదు, వెళ్తే పాట ఆగుతుంది. అక్కడ అత్తమ్మ ఆగి, "ఇగ మీరు పాడాలె" అనేది. మేం పాడాలి, మా పాట మీద ఆ పిల్ల బయటపడాలి. "పండుకో రాకాసి పండుకో, మా చెల్లె దాటెదాంక పండుకో." వ్యాను దిగి అలిసిపోయి వచ్చిన మా ఆయన కూడా చెప్పులు విప్పుతూ ఒక వరస అందుకునేవాడు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న స్కూల్లో ఆఫీసు పని చేస్తాను. చేరిన కొత్తలో ఒక పిల్లవాడి తల్లితో "గట్లనే మేడం" అన్నాను. ఆమె నవ్వింది. చెడ్డ నవ్వేం కాదు, అయినా ఆ రోజు నుంచి నాలుక మడతపెట్టి దాచుకున్నాను. స్కూల్లో నాది అండీల తెలుగు. సాయంత్రం మెట్రో దిగి మా సందు మలుపు తిరిగేసరికి అది దానంతట అదే ఊడిపోతుంది. ఈ రెండు తెలుగులూ ఎప్పుడూ ఎదురుపడకుండా చూసుకుంటూ వచ్చాను. స్కూల్లో నాకు దగ్గరైన మనిషి పద్మ టీచరు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఆమె నన్ను కూడా తమవైపు మనిషనే అనుకుంటోందని నాకు తెలుసు. కాదని నేనెప్పుడూ చెప్పలేదు.

ఆ రోజుల్లోనే మెట్రో స్తంభాల మీద ఒక నాటకం బొమ్మ వెలిసింది. కొమ్ముల రాకాసి, వాడి చేతిలో ఎర్ర గిటారు, చుట్టూ రెక్కల పిల్లలు. రాక్ పాటలతో జానపద కథ, ఇంటిల్లిపాదీ చూసేది అని రాసుంది. ఎల్బీ నగర్ దాటి అబ్దుల్లాపూర్‌మెట్ వెళ్లే దారిలో ఒక మైదానంలో డేరా వేస్తున్నారు. కూరగాయలకు వచ్చిన అత్తమ్మ ఆ స్తంభం దగ్గర సంచీ కింద పెట్టి నిలబడిపోయింది. రాకాసి చేతిలో ఆ వీణ ఏందని అడిగింది. రోజూ అడిగింది. చిన్నప్పుడు ఊళ్లో ఆట కట్టిన రోజుల తర్వాత ఆమె ఏ వేదికా చూడలేదు.

పద్మ టీచరుకు ఐదు పాసులు దొరికాయి. "మీ అత్తగారిని కూడా తీసుకురండి, ఒక సీటు ఎలాగూ ఉంది" అంది. నాకు భయం పట్టుకుంది. అత్తమ్మ వస్తే కొంగున మరమరాలు కట్టుకుని వస్తుంది. కుర్చీ మీద మఠం వేసుకుని కూర్చుంటుంది. డేరా అంతా వినబడేలా "ఓ బిడ్డా, గటు చూడరాదే" అంటుంది. నేనేమని జవాబివ్వాలి? ఏ తెలుగులో ఇవ్వాలి? ఇదండీ నా కష్టం. ఇంత చిన్నది. రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది, కానీ ఆ వారమంతా నాకు ఇదే కొండంత కనబడింది.

కీర్తన నోట్లో నువ్వుగింజ నానదు. పాసుల సంగతి నానమ్మకు చెప్పేసింది. ఆ సాయంత్రం నేను పుస్తకం తెరవగానే అత్తమ్మ కళ్లు మూసుకోలేదు.

"గా రాకాసి ఆటకు నేను గూడ ఒస్త బిడ్డా. జర నన్ను గూడ తీస్కపో."

నా వేలు పేజీ మీదే ఉంది. ఆ పేజీలో ఉన్నవన్నీ పేర్లు. ఎవరికి ఎవరు పుట్టారు, వారికి ఎవరు పుట్టారు. నేను తల ఎత్తలేదు. వాక్యం చదివే గొంతుతోనే, ఆ పాత తెలుగులోనే, ఒక మాట చదివాను.

"రాకాసుల కథలు చెప్పువారును, చూచువారును నా యెదుట నిలువరు."

అత్తమ్మ ముందుకు వంగింది. "మళ్ల సదువు" అంది. మళ్లీ చదివాను. అక్షరం పొల్లుపోలేదు.

"నేను ఇన్నేండ్లు చెప్పిన గద బిడ్డా, పిల్లకు."

"తెల్వక చేసినవ్ అత్తమ్మా. తెల్వక చేస్తే పాపం కాదు."

ఆమెను ఓదార్చాను కూడా, చూశారా. నేను ఆపాలనుకున్నది ఒక్క ఆటకు రావడాన్ని. "చూచువారును" అంటే సరిపోయేది. మరి "చెప్పువారును" అని ఎందుకు అన్నాను? ఎన్నిసార్లు తవ్వినా ఒక్కటే జవాబు దొరుకుతుంది. ఒక్క మాట ఉంటే బోడిగా ఉంటుంది, రెండు జతగా ఉంటే వాక్యంలా వినబడుతుంది. చెవికి ఇంపుగా ఉంటుందని కలిపాను. అత్తమ్మ పెట్టె తీసి ఎర్రదారం ముక్క ఇచ్చి, ఆ మాట ఉన్నచోట గుర్తు పెట్టమంది. పేర్ల పేజీలో పెట్టాను.

శనివారం పద్మ టీచరు కొడుకు పుట్టినరోజని చెప్పి కీర్తనను తీసుకుని బయలుదేరాను. నానమ్మకు చెప్పొద్దని మెట్రోలో పిల్లతో ఒట్టు వేయించుకున్నాను.

ఆ డేరా లోపలి సంగతి ఎలా చెప్పాలో తెలియదు. ఇప్పటికీ అది నాకు జరిగినట్టు కాక, నిద్రలో ఎవరో చూపించినట్టు ఉంటుంది. బయట మూడు గంటల ఎండ, లారీల మోత. తెర పక్కకు జరిపి లోపలికి అడుగు పెడితే నీలం చీకటి. నేలంతా పొగ పాలనురగలా మోకాళ్ల దాకా వచ్చింది. అడవి దానంతట అదే లేచి నిలబడింది. ఆకుల మధ్య వాద్యాలు వాయించేవాళ్లు, జుట్టు నిండా మిణుగురు దీపాలు. డ్రమ్ములు మొదలయ్యాయి, ఆ దెబ్బ చెవికి కాదు, కడుపులో తగిలింది. రెక్కల పిల్లలు తాళ్ల మీద మా తలల మీదుగా ఊగుతూ పోయారు, వాళ్ల అంచుల నుంచి వెండిపొడి రాలి కీర్తన పాపిట్లో పడింది. అందరూ నోళ్లు తెరుచుకుని పైకి చూస్తున్నారు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, మఠం వేసుకుని కూర్చున్నవాళ్లు ఎంతమందో. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. ఎవరు ఏ తెలుగు మాట్లాడినా ఆ మోతలో వినబడదు. అది నాకు అప్పుడు తెలిసింది.

నాకూ కీర్తనకూ మధ్య ఐదో కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద నా సంచీ పెట్టాను. మీ అత్తగారు రాలేదేమని పద్మ టీచరు అడిగితే, ఒంట్లో బాగోలేదండీ అన్నాను.

కథ సగం దాటాక గుర్తుపట్టాను. వేదిక మీద రాకాసి నిద్రపోతున్నాడు. ఒక చిన్నపిల్ల పాడుతోంది. తోటివాళ్లు ఒక్కొక్కరే వెలుతురు వాకిలి దాటుతున్నారు. కథలన్నీ ఎక్కడో చుట్టాలే అయి ఉంటాయి, ఎవరి పల్లె నుంచి వచ్చిందో ఇది. చివరికి చిన్నది ఒక్కతే మిగిలింది. గిటారు పట్టుకున్నతను వేదిక అంచుకు వచ్చి, మైకు మావైపు తిప్పి, ఇప్పుడు మీరే పాడాలన్నాడు. డేరా మొత్తం వాళ్లు నేర్పిన పాట ఎత్తుకుంది. నా పక్కన మాత్రం ఒక సన్న గొంతు వేరే పాట పాడుతోంది. "పండుకో రాకాసి పండుకో, మా చెల్లె దాటెదాంక పండుకో." కీర్తన కళ్లు మూసుకుని పాడుతోంది, చెయ్యి ఆ ఖాళీ కుర్చీ మీద ఉంది. నాకు ఏడుపు వచ్చింది. వాకిలి దాటి ఆ పిల్ల బయటపడింది, అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అరచేతులు మండేదాకా. ఆ రెండు గంటలు నా జీవితంలో అంత అందమైనవి మళ్లీ రాలేదు. దాన్ని కూడా దాచకుండా చెప్పాలి కదా.

ఇంటికి వచ్చాక కీర్తన ఒట్టు నిలబెట్టుకుంది. నువ్వుగింజ నానని నోరు ఆ రోజు ఒక్క మాట జారలేదు. నానమ్మ ఒళ్లో తల పెట్టి, ఏడుగురు అక్కచెల్లెళ్ల కథ చెప్పమంది. అత్తమ్మ దాని జుట్టులో వెండిపొడి దులుపుతూ, కథలు వద్దు బిడ్డా, ప్రార్థన చేసుకుందామంది.

మర్నాడు ఆదివారం ఆరాధనలో అత్తమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. మా చర్చిలో దేవుడు తనకు చేసిన మేలును అందరిముందు చెప్పుకోవడం ఆనవాయితీ. తెలియక ఇన్నేళ్లు పిల్లలకు రాకాసి కథలు చెప్పానని, నా కోడలు వాక్యం చదివి కళ్లు తెరిపించిందని, ఇక నోట ఒక్క కథ రాదని చెప్పింది. అందరూ దేవునికి స్తోత్రం అన్నారు. వెనక వరసలో ఎవరో నా భుజం తట్టారు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. కీర్తన తల తిప్పి నావైపు చూసింది. తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఇప్పుడు పదో తరగతికి వచ్చింది. నా దగ్గర ఏదీ చెప్పుకోదు. అది వయసు వల్లేనని అనుకుంటూ ఉంటాను.

అత్తమ్మ మాట మీద నిలబడింది. ఏడేళ్లలో ఒక్క కథ చెప్పలేదు. నాకెందుకు చెప్పెయ్యాలనిపించలేదు? అనిపించింది. వంద సార్లు అనిపించింది. కానీ అబద్ధమని చెబితే, ఆమె అడగబోయే మరో ప్రశ్న ఉంది కదా. ఇన్నేళ్లు నువ్వు చదివినవాటిలో ఇంకేవి నీ సొంతం అని అడిగితే? మిగతావన్నీ ఉన్నది ఉన్నట్టే చదివాను. ఎలా నమ్మించను? ఎప్పుడైనా మనసు బాగోలేనప్పుడు, "గా దారం పెట్టిన మాట సదువు" అంటుంది. పేర్ల పేజీ తెరిచి, కంఠతా వచ్చిన నా మాటే మళ్లీ చదువుతాను.

ఆ తర్వాత పుట్టింది మా చిన్నది. రెండో తరగతి. దానికి నానమ్మ కథ అంటే ఏమిటో తెలియదు. ఈ మధ్యే తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చింది, కనబడిన బోర్డల్లా చదివేస్తోంది. పోయిన వారం నేను వంటింట్లో ఉండగా అత్తమ్మ దాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. దారం ఉన్న పేజీ తీసి చదవమంది. చిన్నది వేలు పెట్టి మొదలుపెట్టింది. ఒక్కొక్క పేరు, ఒక్కొక్క అక్షరం. పేజీ చివరిదాకా వెళ్లింది. తిరగేసి వెనక వైపు కూడా చూసింది.

"నానమ్మా, అన్నీ పేర్లే ఉన్నయి. రాకాసి అని యాడ లేదు."

అత్తమ్మ నవ్వింది. "నీకింక సదువు రాలె బిడ్డా. మీ అమ్మ సదివితె ఉంటది." వంటింటి వైపు తిరిగి, "జర చూపియ్యవే దీనికి" అంది.

తడి చేతులతో గుమ్మంలోకి వచ్చాను. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. అప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. "ఇంక చిన్నపిల్ల గద అత్తమ్మా, నేర్చుకుంటది" అన్నాను.

చిన్నది మళ్లీ ఆ పేజీ మీదికి వంగింది. ఈసారి చాలా మెల్లగా, తప్పు ఎక్కడుందో వెతుకుతున్నట్టు చదువుకుంది. కాసేపటికి పుస్తకం మూసేసింది. అప్పటి నుంచి బోర్డులు చదవడం మానేసింది. నిన్న హోంవర్కు దగ్గర పాఠం చదవమంటే, "నాకు సరిగ రాదు మమ్మీ, నువ్వే చదువు" అంది.

క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీది కాదు. ఈ సాయంత్రం దీపాల వేళకు మళ్లీ పుస్తకం తెరవాలి. ఏం చేస్తానో మాట ఇవ్వలేను, నా ధైర్యం ఎంతో మీరు చూశారు. కానీ ఏడేళ్లలో మొదటిసారి ఒక్క నిజం నా చేత్తో రాస్తున్నాను, రాస్తుంటే ఊపిరి కాస్త లోపలిదాకా పోతోంది. ఆ పేజీలో రాకాసి లేడు. మా చిన్నది సరిగ్గానే చదివింది.