జిగురత్త అనుమానం

గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు బాగుచేసే ఆమెను అందరూ జిగురత్త అంటారు. ఆమె గది నేలమాళిగలో ఉంది. మెట్లు దిగి అక్కడికి వచ్చేవి పుస్తకాలే, మనుషులు రారు. ఇంట్లోనూ అంతే. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. చెల్లెలు ఆదివారం ఫోన్ చేసి, "బాగున్నావా అక్కా, తిన్నావా?" అని అడిగి, జవాబు సగంలో ఉండగానే పెట్టేస్తుంది. మనిషి మంచిదే, తీరికే లేదు.

కొత్త పుస్తకం అత్త దగ్గరికి రాదు. నలుగురి చేతుల్లో నలిగి, కుట్లు ఊడితేనే వస్తుంది. అందుకే పిల్లల విభాగంలోని ఆ అయిదు భాగాల కథలో ఆమె ముందు మూడోది చదివింది, తర్వాత ఒకటి, ఆ తర్వాత రెండు. ఒక ఊళ్ళో మనుషుల నీడలు మాయమవుతుంటాయి. తాళాలు బాగుచేసేవాడి కూతురు, పద్నాలుగేళ్ళది, ఇద్దరు స్నేహితులను వెంటేసుకుని దొంగను వెతుకుతుంది. పెద్దవాళ్ళెవరూ నమ్మరు. గడియారాలు బాగుచేసే ఆయన, వీధి దీపాలు వెలిగించే ఆయన, బడి టీచరమ్మ, అందరి మీదా అనుమానమే.

యాభై ఆరేళ్ళ మనిషికి ఈ పిల్లల కథల పిచ్చేమిటని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. నీడల సంగతి అటుంచండి. ఆ ముగ్గురూ ప్రతి అధ్యాయంలో ఎక్కడో ఒకచోట చతికిలబడి, "నువ్వేమనుకుంటున్నావ్?" అని ఒకరినొకరు అడుగుతారు. అత్తను ఆ మాట ఎవరైనా అడిగి ఏళ్ళయింది. అక్కడికి రాగానే ఆమె తన అనుమానం గోడలకు వినబడేలా చెప్పేది.

నాలుగో భాగం వచ్చిన రోజు ఆమెకు ఒళ్ళు తెలియలేదు. పదహారేసి పేజీల మడతలు విప్పి, ఒక్కొక్కటీ చదువుతూ పక్కన పెట్టింది. ఆఖరి మడత చదివి, ఆ ధ్యాసలోనే దాన్ని అన్నిటికంటే ముందు పెట్టి కుట్టేసింది. అట్ట వేసి పైకి పంపేసింది.

వారం తిరగకుండానే ఒక కళ్ళజోడు పిల్ల ఆ పుస్తకం పట్టుకుని మెట్లు దిగింది.

"గడియారాలాయన దొంగ కాదని మొదటి పేజీలోనే తెలిసిపోయిందండీ! ఎవరు కుట్టారిలా?"

తప్పు పుస్తకం అచ్చేసినవాళ్ళ మీదికి నెట్టేస్తే సరిపోయేది. అత్తకు అబద్ధం నోట రాలేదు.

"నేనేనమ్మా. చదువుతూ కుట్టాను. నాకూ ఆయన మీదే అనుమానం. కాదనేసరికి మతిపోయింది."

పిల్ల కోపం ఎటుపోయిందో! స్టూలు లాక్కుని కూర్చుంది. "మరిప్పుడు ఎవరనుకుంటున్నారు?"

అత్త చేతిలోని సూది బల్ల మీద పెట్టింది. "ఆలోచించి చెబుతానే తల్లీ," అంది.

శనివారం ఆ పిల్ల అయిదో భాగం తెచ్చింది. సరిగ్గా మధ్యలో చీటీ పెట్టింది. గుండ్రటి అక్షరాలతో, "ఇక్కడ ఆగండి. దొంగ ఎవరు?" అని దానిమీద రాసింది.

"నేనూ ఇక్కడే ఆగాను. మీ జవాబు రాసి ఉంచండి. వచ్చే శనివారం ముగింపు ఇద్దరం కలిసి చదువుదాం," అంది పిల్ల.

అత్త రెండు రోజుల్లో అక్కడిదాకా చదివి, "దీపాలాయన" అని రాసి, ఆగిపోయింది. శనివారం రెండో స్టూలు తుడిచి పెట్టింది. పిల్ల రాలేదు. నాలుగు శనివారాలు స్టూలు ఖాళీగానే ఉంది. చివరికి అత్త పైకి వెళ్ళి గుమాస్తాను అడిగింది.

"ఆ కళ్ళజోడు పాపా? వాళ్ళు ఊరు మారారత్తా. కార్డు కూడా తిరిగిచ్చేశారు. అన్నట్టు, ఆ అయిదోది నీ దగ్గరుందటగా, పంపించు."

పంపించింది. చీటీ తీయలేదు. ముగింపు చదవలేదు. ఒక్కతే చదవడానికి మనసొప్పలేదు.

ఏడాది తర్వాత ఆ పుస్తకం కుట్లూడి, ఆమె బల్ల మీదికి వచ్చింది. చీటీ అందులోనే ఉంది. ఆమె జవాబు కింద ఎవరెవరో పిల్లల రాతలు. "కాదు, టీచరమ్మ." "నాకూ దీపాలాయన మీదే." "ముందు రాసిందెవరు?"

అత్త ఆ రాతలన్నీ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని వెతికింది. గుండ్రటి అక్షరాలు పైన ప్రశ్నలోనే ఉన్నాయి. కింద ఎక్కడా లేవు.

చీటీలో చోటు అయిపోయింది. ఇంకో కాగితం కోసి దాని కింద అతికించింది. తర్వాత ఆఖరి మడతను చదవకుండా, ఈసారి జాగ్రత్తగా, ఆఖరునే పెట్టి కుట్టింది.