గుండీల డబ్బా

బట్టలు కుట్టే ఆ తల్లి పెదవుల మధ్య ఎప్పుడూ గుండుసూదులుంటాయి. తిట్లయినా వాటి సందుల్లోంచే వస్తాయి. ప్రార్థనకు మాత్రమే వాటిని తీస్తుంది. క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలంలో ఆమె కుట్టుమిషన్ పక్కకు ఖాళీ పశువుల తొట్టి బొమ్మ ఒకటి చేరుతుంది. పిల్లలు మంచి పని చేసినప్పుడల్లా అందులో ఒక గుడ్డపేలిక వెయ్యాలి. పండగనాటికి బాలయేసుకు మెత్తటి పక్క అమరాలి. అప్పటిదాకా ఆ బాలయేసు గుండీల డబ్బాలో దాగి ఉంటాడు. సాయంత్రం కొవ్వొత్తి వెలిగిస్తే, సగం కుట్టి వేలాడదీసిన గౌన్లు నిద్రలో నడుస్తున్నట్టు మెల్లగా ఊగుతాయి.

ఆ సాయంత్రం తొట్టి బోసిగా కనిపించింది. "నా మంచి పనులన్నీ ఎవరో తీసేశారమ్మా," అన్నాడు పెద్దవాడు, ముఖం చిన్నబుచ్చుకుని. తల్లి చిన్నదాని వైపు చూసింది. చిన్నది గుండీల డబ్బా తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. లోపల గుండీలన్నీ ఓ మూలకు నెట్టి, పేలికలు పరిచి, బాలయేసును మెడదాకా కప్పి పడుకోబెట్టి ఉంది.

"పండగ దాకా బయటికి రాకూడదన్నావుగా. గుండీలు గుచ్చుకోవూ మరి?"

పెద్దవాడు వంగి చూసి, పాదాల దగ్గర జారిన పేలికను సర్దాడు. తల్లి పెదవుల మధ్య నుంచి సూదులు ఒక్కొక్కటే తీసింది. మూత పెట్టబోయి, గాలాడేలా దాని కింద ఒక దారపు ఉండ అడ్డం పెట్టింది.