విలేం షెడివీ పెద్ద పిస్తోలు

విలేం షెడివీ ఏ వస్తువునైనా చేత్తో ఎత్తి చూసి కొనేవాడు. బూట్లయినా సరే, పుచ్చకాయయినా సరే, పెళ్ళి ఉంగరమైనా సరే. అరచేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పైకీ కిందికీ ఆడించేవాడు. బరువుంటే సరుకు, లేకపోతే మోసం. ఆయన ద్రాక్షకత్తెర ఎంత బరువంటే, కోతల కాలంలో దాన్ని అరువు తీసుకున్నవాళ్ళు మధ్యాహ్నానికల్లా తెచ్చి ఇచ్చేసేవాళ్ళు, ఇంకోసారి అడిగేవాళ్ళు కాదు. పెళ్ళాన్ని కూడా అలాగే ఎత్తి చూసి చేసుకున్నాడని ఊరివాళ్ళ వైన్ నేలమాళిగలన్నీ వరసగా ఉండే మా మాళిగల వీధిలో చెప్పుకునేవాళ్ళు. ఆ మాట ఆయన భార్య అనెష్కా చెవిన పడితే, "ఎత్తడం ఎత్తాడు, ఎక్కడ దించాలో ఇప్పటికీ తెలీడం లేదు," అనేది.

అలాంటి మనిషి పిస్తోలు కొన్నాడు.

దానికి కారణం దొంగలు. ఆ చలికాలంలో మాళిగల వీధిలో మూడు తలుపులు పగిలాయి. ఒల్డ్రిఖ్ బార్తా మాళిగలో రెండు పీపాలు ఖాళీ చేశారు. పక్క మాళిగలో సీసాలన్నీ ఊడ్చుకుపోయారు. విలేం మాళిగలో మాత్రం ఒక సీసా తెరిచి, గ్లాసులో పోసుకుని, ఒక గుక్క తాగి, మిగతాది బల్ల మీద అలాగే వదిలేసి వెళ్ళిపోయారు. తలుపు కూడా మర్యాదగా దగ్గరికి వేసి పోయారు. ఈ సంగతి విలేం ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో తెలియనివాళ్ళు ఎవరూ లేరు.

"నాది పోకుండా చూసుకోవాలి," అన్నాడు విలేం.

"నీదెక్కడికి పోతుందిరా," అన్నాడు బార్తా.

లైసెన్సు పరీక్షకి విలేం చర్చిలో పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. పిస్తోలు ఒంటి మీద ఉంటే బయటికి కనబడకూడదు. పిస్తోలు ఒంటి మీద ఉన్నవాడి ఒంట్లో మద్యం చుక్క ఉండకూడదు. ఒక్క తప్పు లేదు. పరీక్ష పెట్టినాయన చెయ్యి కలిపి మెచ్చుకున్నాడు కూడా.

తరవాత పట్నంలో తుపాకుల కొట్టుకి వెళ్ళాడు. కొట్టు నడిపేది రద్కా అనే ముప్ఫై అయిదేళ్ళ మనిషి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, రోజంతా మగవాళ్ళ గొప్పలు వినీ వినీ విసుగెత్తిన ముఖంతో ఉండేది.

"దేనికి కావాలి పెద్దాయనా?"

"కాల్చడానికి."

"అందరిదీ అదే మాట. ఇంట్లో ఉంచుకుంటారా, గురి కాల్చుకుంటారా, నడుముకి పెట్టుకు తిరుగుతారా?"

"డబ్బులు పోసి కొన్నాక అన్నిటికీ పనికిరావాలి కదమ్మా."

ఆమె బల్ల మీద పచ్చగుడ్డ పరిచి రెండు పెట్టింది. ఒకటి చిన్నది, నల్ల ప్లాస్టిక్ పిడి. రెండోది పెద్దది, నిలువెల్లా ఉక్కు, పోలీసులు వాడి తిరిగి ఇచ్చేసింది. ఒరలో పెట్టీ తీసీ అంచుల దగ్గర రంగు పోయింది. విలేం చిన్నదాన్ని అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచి ధర అడిగాడు. పెద్దదాని ధర అడిగాడు. మళ్ళీ చిన్నదాని ధర అడిగాడు.

"చిన్నదానికే ఎక్కువా?"

"అది కొత్తది. పైగా చొక్కా కింద కనబడదు."

"కనబడని దానికి ఎక్కువ డబ్బులు. బాగానే ఉంది."

రద్కా ఓపిగ్గా చెప్పింది. పెద్దదాని పిడి మీద వేళ్ళన్నీ ఆనుతాయి, చిన్నదాంట్లో చిటికెన వేలు గాల్లో ఉంటుంది. పెద్దది బరువు కాబట్టి పేలినప్పుడు చెయ్యి ఎగరదు. గొట్టం పొడుగు కాబట్టి ముసలి కళ్ళకి కూడా గురి కుదురుతుంది. పోలీసులు మోశారే గానీ పెద్దగా కాల్చలేదు, పైపూత పోయింది తప్ప లోపల కొత్తదే. తూటాలు నింపే మ్యాగజైన్లు మూడు దాంతోపాటే వస్తాయి, తూటాలు ఏ కొట్లో అడిగినా దొరుకుతాయి.

"ఆదివారాలు గురి కాల్చుకోడానికి ఇంతకన్నా చవకలో మంచిది నా కొట్లో లేదు," అంది. "నడుముకి పెట్టుకు తిరగాలనుకుంటే మాత్రం దీని జోలికి వెళ్ళకండి. ఒంట్లో ఇంకో ఎముక మొలిచినట్టుంటుంది."

విలేం మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. చవకలో మంచిది. పెద్దదాన్ని చేతిలోకి తీసుకుని ఆడించాడు. మోచెయ్యి దాకా బరువు దిగింది. ఆ ముఖంలో అలాంటి వెలుగు పెళ్ళిఫొటోలో కూడా లేదు.

మొదటి సాయంత్రమే మాళిగలో అసలు సంగతి తేలింది. బార్తా పీపాలోకి గాజుగొట్టం దించి, వైన్ పీల్చి, అందరి గ్లాసుల్లో వంపుతున్నాడు. విలేం గ్లాసు ఎత్తేసరికి లిబోర్ చెయ్యి అడ్డం పెట్టాడు. లిబోర్ పట్నంలో పోలీసు, విలేం పెదనాన్న మనవడు.

"బాబాయ్, అది నడుముకి ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"అయితే ఇది దింపు. చుక్క కూడా పనికిరాదు. లైసెన్సు పోతుంది."

"అది మద్యం గురించిరా. ఇది వైన్."

"వైన్ మద్యం కాదా?"

విలేం చుట్టూ చూశాడు. బల్ల చుట్టూ ఉన్న పెద్దలందరూ నిజంగానే ఆలోచనలో పడ్డారు. బ్రాందీ మద్యం, వోడ్కా మద్యం. ఆలూబుఖరా సారా ఉందంటే అది జలుబుకి మందు. వైన్‌ని ఆ జాబితాలో కలపాలని ఆ ఊళ్ళో ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. పరీక్షలో ఆ ముక్క గడగడా అప్పజెప్పేటప్పుడు విలేంకి కూడా తోచలేదు.

ఆ రోజు ఆయన కొవ్వు పూసిన రొట్టె, ఊరగాయ ఉల్లిపాయ మంచినీళ్ళతో తిన్నాడు.

పిస్తోలు ఇంట్లో పెట్టి రావచ్చుగా అని అందరూ అడిగారు. పెట్టడు. కొన్న వస్తువు బీరువాలో పడుంటే డబ్బులు తగలేసినట్టే. ఆ లెక్కన ఆయన దాన్ని తొడుక్కున్నాడు, జూలై నెలలో కూడా. చొక్కా కింద ఆ ఉక్కు దాగదు కాబట్టి పైన ఉన్ని కోటు వేశాడు. చెమటలు కక్కుకుంటూ ద్రాక్షతోటలో నడుస్తుంటే ఎదురైనవాళ్ళు, "చలి పెడుతోందా విలేం?" అని పలకరించేవాళ్ళు. మాళిగ గుమ్మంలో కనబడితే, "ఇవాళ తుపాకీ వచ్చిందా, మనిషి వచ్చాడా?" అని అడిగేవాళ్ళు. మనిషయితే గ్లాసు, తుపాకీ అయితే నీళ్ళు. చాలా ఏళ్ళకి ఆయన పోయాక దాన్ని అప్పజెప్పడానికి అనెష్కా పోలీసు స్టేషనుకి వెళితే, అక్కడి ఆఫీసరు, "ఇది బాగా అరిగిందే, చాలా కాల్చాడా?" అని అడిగాడట. "కాల్చలేదు బాబూ, కోటు గీసుకుని అరిగింది," అందట.

మరుసటి వసంతంలో ద్రాక్షరైతుల సంఘం వాళ్ళు విలేంని వైన్ల పోటీకి తీర్పరుల పెద్దగా ఎన్నుకున్నారు.

వాళ్ళ నాన్న కూచున్న కుర్చీ అది. ఇరవై ఏళ్ళపాటు ఆయన నాలుక చెప్పిందే ఊరికి తీర్పు. విలేం పెరిగిందంతా ఆ కుర్చీ కాళ్ళ దగ్గరే. అందులో ఒక్కసారైనా కూచుని, ఊరందరి ముందు, ఇది మంచిది, ఇది కాదు అని చెప్పాలని ఆయన కోరిక. తన నాలుక చూసి ఎన్నుకున్నారనుకున్నాడు. ముందు రోజు నుంచీ సీసాలతోపాటు చలిగా ఉండే ఆ హాల్లో పడుకోవడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు, పైగా దొంగల భయం, పైగా ఈయన దగ్గర పిస్తోలుంది. అసలు సంగతి అదీ. అది ఆయనకి చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఏది ఎవరిదో తెలియకుండా సీసాలకి కాగితం చుట్టి, పైన అంకె వేస్తారు. ఒకసారి చుట్టాక, మార్కులు చదివే దాకా పోటీకి పెద్దయినవాడు హాలు గడప దాటకూడదు. వాళ్ళ నాన్న పెట్టిన నియమం. దాన్ని గట్టిగా పాటించాలని కిందటి వారం మీటింగులో బల్ల గుద్ది చెప్పింది కూడా విలేమే. పొద్దున్నే ఇంటికెళ్ళి, పిస్తోలు బీరువాలో పెట్టి, గడ్డం గీసుకుని వద్దామనుకున్నాడు. గుమ్మం దగ్గర బార్తా అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికిరా?"

"గడ్డం గీసుకోవాలి."

"గడ్డానికి మార్కుల్లేవు. వెళ్ళు, వెళితే మాత్రం కాగితాలన్నీ విప్పేసి రేపు మళ్ళీ మొదలెడదాం. నువ్వు బల్ల గుద్దిన నియమమే."

కోటు కింద ఏముందో చెప్తే బయటికి పంపేవాళ్ళేమో. పంపితే కుర్చీ ఇంకొకరిది. తిరిగొచ్చి కుర్చీలో కూచున్నాడు. లైసెన్సున్న ఇంకొకరి చేతికిద్దామంటే, ఉన్న ఒక్క వేటగాడు బార్తానే. ఆయనా, లిబోరూ అప్పటికే మూడో గ్లాసు మీద ఉన్నారు. పుక్కిలించి ఉమ్మేద్దామంటే, మంచి వైన్‌ని నేలపాలు చేసే చెయ్యి షెడివీల ఇంట్లో పుట్టలేదు. పైగా చుక్క కూడా పనికిరాదన్న లిబోర్ బల్లకి ఎదురుగా కూచుని ఉన్నాడు.

వాసన చూశాడు. గ్లాసు పెదవుల దాకా తెచ్చి, తల వెనక్కి వాల్చి, గొంతు కదిపి, గ్లాసు కింద పెట్టాడు. ఎవరూ చూడనప్పుడు బల్ల కింద బక్కెట్లోకి వంపాడు. నేలపాలు చెయ్యలేదు కదా అని సర్దిచెప్పుకున్నాడు. ఆ చలి హాల్లో కోటు ఎవరికీ వింతగా తోచలేదు, అలా మధ్యాహ్నం దాకా నడిచింది.

మస్కట్ అనే ఘుమఘుమల ద్రాక్షతో చేసిన ఒక వైన్ దగ్గర ముక్కు ఆగింది. ఎక్కడిదో గాని మంచి ఇంటి వాసన. గుండెల్లోకి వెళ్ళే వాసన. కన్ను చెమ్మగిల్లింది కూడా. దానికి అందరికన్నా ఎక్కువ మార్కులు వేశాడు. పెద్ద వేసినవి రెండింతలుగా లెక్క. మిగతా వాళ్ళు ముఖాలు చిట్లించి ఎంత తక్కువ వేసినా, అదే మొదటికి వచ్చింది.

బార్తా కాగితం విప్పాడు. విలేం షెడివీ, మస్కట్.

బార్తా నెమ్మదిగా, "మీ నాన్న ఇరవై ఏళ్ళు కూచున్నాడు అక్కడ. తన సీసాకి ఒక్కసారి కూడా మొదటి మార్కు వెయ్యలేదు," అన్నాడు.

"నాదని నాకు తెలీదు."

"సొంత వైన్ తాగి గుర్తుపట్టలేదా? ఇక్కడున్నవాళ్ళం అందరం గుర్తుపట్టాం. మా పళ్ళింకా జివ్వుమంటున్నాయి."

"దొంగతనంగా వేసుకున్నావని చెప్పు బాబాయ్, అయిపోతుంది," అన్నాడు లిబోర్, జాలిగానే.

దొంగ. ఆ కుర్చీలో కూచుని ఆ మాట పడాలి, లేదా లేచి ఇంకో మాట పడాలి. విలేం లేచాడు. కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. తోలు ఒరలో ఆ ఉక్కుముద్ద అందరికీ కనబడింది.

"తాగలేదు. ఒక్కటీ తాగలేదు. అన్నీ వాసన చూసి వేశాను," అన్నాడు.

"కోటు మూసెయ్ బాబాయ్," అన్నాడు లిబోర్. "బయటికి కనబడకూడదు."

అప్పుడు నవ్వారు. ఆ నవ్వు సంఘం ఉన్నంత కాలం ఉంటుంది. కొందరు బల్ల మీద తల వాల్చి నవ్వారు. పిల్లలకి పాఠం చెప్పే టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. విలేం ఆగలేదు. తన మార్కులు కొట్టేసి, బార్తాని కుర్చీలో కూచోమని, కోటు మూసుకుని ఇంటికెళ్ళాడు. గుమ్మంలోనే అనెష్కా, "ఇవాళ తొందరగా వదిలేశారే," అంది. ఆయన పిస్తోలు బీరువాలో పెట్టి తాళం వేసి, కోటు లేకుండా ఒట్టి చొక్కాతో తిరిగి వచ్చాడు. నడక తేలికగా ఉంది. హాల్లో నవ్వు ఇంకా ఆగలేదు.

కుర్చీ వైపు చూడకుండా కింది బల్ల చివర కూచున్నాడు. ఆయన మస్కట్ సీసా అక్కడే ఉంది, ఎవరూ ముట్టలేదు. గ్లాసులో పోసుకున్నాడు. తాగాడు. నోట్లో ఉంచుకున్నాడు. అందరూ చూస్తున్నారని తెలుసు, అయినా గబగబా మింగలేదు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు బార్తా, పెద్ద కుర్చీలోంచి. "ఎన్ని?"

విలేం ఇంకో గుక్క తాగి చూశాడు. అప్పుడు చెప్పాడు. అక్కడున్న ఎవరూ వెయ్యనంత తక్కువ అంకె. కారణం కూడా చెప్పాడు, ద్రాక్ష తొందరపడి కోశాననీ, పీపా సరిగ్గా కడగలేదనీ.

నవ్వు దానంతట అదే ఆగింది. బార్తా కుర్చీలోంచి లేచి, హాలు మూల పెట్టుకున్న తన పీపాలోంచి గాజుగొట్టంతో వైన్ తీసి, ఆ చివరి దాకా నడిచి వచ్చి, ఆయన గ్లాసు మీద పట్టుకున్నాడు.

"ఇది కూడా చూడు," అన్నాడు. "మొహమాటపడకుండా చెప్పు."